మా అమ్మాయి పాత ఇన్స్యూరెన్స్ కార్డు

మా అమ్మాయి హైస్కూలు చివరి ఏడాదిలో ఏపీ గవర్నమెంట్ అనే క్లాసు తీసుకుంది. ఆదివారం వీడియో కాల్‌లో ఆ మాట చెవిన పడి, గుంటూరు నుంచి మా అమ్మ, "అమెరికాలో కూడా మన ఏపీ గవర్నమెంటు గురించి చెబుతున్నారుటే? ఏ ముఖ్యమంత్రి దాకా వచ్చారూ?" అని అడిగింది. ఆ ఏపీ వేరనీ, అది అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనీ, ఇక్కడి కాంగ్రెస్, ప్రెసిడెంటు, కోర్టుల గురించిన పాఠాలనీ వివరించేసరికి అరగంట పట్టింది. అందరం నవ్వుకుని ఫోన్ పెట్టేశాం.

ఆ క్లాసులో వాళ్ళకి ఒక ప్రాజెక్టు ఇచ్చారు. ప్రెసిడెంటు వీటో చేసిన బిల్లు ఒకటి ఎంచుకుని, దాన్ని ఎవరు ఎందుకు సమర్థించారో, ఎవరు ఎందుకు వద్దన్నారో క్లాసులో చెప్పాలి. మా అమ్మాయి 2007లో జార్జి బుష్ వీటో చేసిన పిల్లల ఆరోగ్య బీమా బిల్లు తీసుకుంది. రాత్రి భోజనాల దగ్గర "నాన్నా, చిప్ అంటే నీకు తెలుసా?" అంది. ఇన్నేళ్ళుగా కంప్యూటర్ల మీద బతుకుతున్నవాణ్ణి, చిప్ అంటే తెలియదా అని జోకు వేయబోయి ఆగిపోయాను. మా ఆవిడ నా వంక చూసింది. లేచి వెళ్ళి, పాస్‌పోర్టులూ వీసా కాగితాలూ దాచే ఫైలు తెచ్చింది. అందులోంచి ఒక పాత ప్లాస్టిక్ కార్డు తీసి అమ్మాయి కంచం పక్కన పెట్టింది. దాని మీద అమ్మాయి పేరే ఉంది. కింద 2009 అని ఉంది.

"నేను చిప్‌లో ఉన్నానా? మరి నాకెప్పుడూ ఎందుకు చెప్పలేదు?"

నా దగ్గర వెంటనే జవాబు లేదు. మన అసోసియేషన్ పిక్నిక్కుల్లో, ఉగాది పార్టీల్లో ఇన్నేళ్ళుగా నేను ఎవరికీ చెప్పని సంగతి అది. ఈ వ్యాసం మా అమ్మాయికి ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

ఆ ఫిబ్రవరి రాత్రి

నేను 2002లో కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేయడానికి వచ్చాను. 2006లో పెళ్ళి, 2008 జనవరిలో పాప. 2009 జనవరి వచ్చేసరికి దేశమంతా ఉద్యోగాలు ఊడుతున్నాయి. మా క్లయింటు ఒక శుక్రవారం మధ్యాహ్నం కన్సల్టెంట్లందరినీ పిలిచి బాడ్జీలు ఇచ్చేసి వెళ్ళమన్నాడు. నా హెచ్-1 ఉన్న కంపెనీ చిన్నది, ఓనరు మనవాడే. "బెంచి మీద ఉన్నన్నాళ్ళూ సగం జీతం ఇస్తాను, ఈ రోజుల్లో అదే ఎక్కువ" అన్నాడు. హెచ్-1 మీద ఉన్నవాడికి అలా సగం జీతం ఇవ్వడం చట్టవిరుద్ధమని నాకు తెలుసు. అడిగే ధైర్యం మాత్రం లేదు. హెల్త్ ఇన్స్యూరెన్స్ నెలాఖరుతో ఆగిపోతుందని ఒక ఈమెయిల్ వచ్చింది. పట్టుమని 20 మంది ఉద్యోగులు లేని కంపెనీ కాబట్టి, మన డబ్బుతో పాత ఇన్స్యూరెన్స్ కొనసాగించుకునే కోబ్రా సదుపాయం కూడా వర్తించదన్నారు.

ఫిబ్రవరి మూడో వారంలో పాపకి జ్వరం వచ్చింది. సాయంత్రం ఏడింటికి 103 ఉంది. ఇన్స్యూరెన్స్ ఉన్న రోజుల్లో అయితే అర్జెంట్ కేర్‌కి పరుగెత్తేవాళ్ళం. టైలెనాల్ వేసి, నుదుటి మీద తడిగుడ్డ వేసి, డాక్టరు చదువుకున్న దూరపు బంధువుకి ఫోన్ చేసి సలహా అడిగాం. మా ఆవిడ "వెళ్దామండీ" అని రెండుసార్లు అంది. తెల్లారేదాకా చూద్దాం అన్నది నేనే. రాత్రి పదకొండున్నరకి పాప కళ్ళు తేలేసింది, ఒళ్ళంతా బిగుసుకుపోయి కొట్టుకోవడం మొదలుపెట్టింది. 911కి ఫోన్ చేశాను. అడ్రసు చెప్పడానికి నోరు పెగల్లేదు.

చెవిలో ఇన్ఫెక్షన్, దానివల్ల జ్వరం, జ్వరంవల్ల ఫిట్స్. పసిపిల్లల్లో ఇది తరచూ చూసేదేననీ, భయపడాల్సిన పని లేదనీ డాక్టరు ధైర్యం చెప్పాడు. ముందే తీసుకొచ్చినా ఫిట్స్ రాకుండా ఆగేవని చెప్పలేమన్నాడు. కానీ ఆ సాయంత్రం నేను థర్మామీటరు చూస్తూ లెక్కపెట్టింది డిగ్రీల్ని కాదు, డాలర్లని. ఆ నాలుగున్నర గంటలు ఇప్పటికీ నాకు గుర్తే.

అంబులెన్సు, ఎమర్జెన్సీ రూము కలిపి బిల్లు నాలుగు వేల డాలర్లు దాటింది. వాయిదాలు అడగడానికి వెళితే, బిల్లింగ్ కౌంటరులో ఉన్న పెద్దావిడ పాప ఎక్కడ పుట్టిందని అడిగింది. ఈ హాస్పిటల్లోనే అన్నాను. మరి పిల్లల ఇన్స్యూరెన్స్‌కి ఎందుకు అప్లై చేయలేదని ఆశ్చర్యపోయి, డ్రాయరు లోంచి ఒక ఫారం తీసి ఇచ్చింది.

ఆ ఫారం వారం రోజులు మా ఫ్రిజ్ మీదే ఉంది. స్నేహితుల సలహాలు రెండు రకాలుగా వచ్చాయి. "మాస్టర్స్ చదివి గవర్నమెంటు సొమ్ము తీసుకుంటావా, నలుగురికీ తెలిస్తే పరువేముంటుంది?" అన్నది ఒకటి. "గ్రీన్‌కార్డు ప్రాసెస్ మొదలవుతున్న టైములో పొరపాటున కూడా పెట్టకు, ప్రభుత్వానికి భారమవుతావని తిప్పి పంపేస్తారు" అన్నది రెండోది. చివరికి 150 డాలర్లు పెట్టి ఒక లాయరుని కలిశాను. పాప అమెరికా పౌరురాలు కాబట్టి తల్లిదండ్రుల వీసాతో సంబంధం లేదనీ, 1999లో ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం చిప్ తీసుకోవడం పబ్లిక్ చార్జ్ లెక్కలోకి రాదనీ పది నిమిషాల్లో తేల్చేశాడు.

అప్లికేషనులో ఒక ప్రశ్న ఉంది. ప్రైవేటు ఇన్స్యూరెన్స్ మీ అంతట మీరే వదులుకున్నారా, లేక ఉద్యోగం వల్ల పోయిందా? వదులుకున్నవాళ్ళు కొన్ని నెలలు ఆగాలి. మాది పోయిందే కాబట్టి వెంటనే ఇచ్చారు. నెలకి 20 డాలర్ల ప్రీమియం, డాక్టరు దగ్గరికి వెళితే 5 డాలర్ల కో-పే. అక్టోబరులో నాకు మంచి ప్రాజెక్టు, కొత్త ఇన్స్యూరెన్స్ వచ్చేదాకా ఏడు నెలలు ఆ కార్డు వాడాం. ఆ ఏడు నెలల్లో పాపని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది నాలుగుసార్లు. టీకాలు, ఒక చెకప్, మరోసారి చెవినొప్పి. అంతే.

అసలీ చిప్ ఎక్కణ్ణించి వచ్చింది?

1965లో లిండన్ జాన్సన్ ఒకే సంతకంతో రెండు పథకాలు తెచ్చాడు. 65 ఏళ్ళు దాటినవాళ్ళకి మెడికేర్, నిరుపేదలకి మెడికెయిడ్. మధ్యలో ఒక ఖాళీ మిగిలిపోయింది. మెడికెయిడ్ ఇవ్వడానికి వీల్లేనంత సంపాదన, ఇన్స్యూరెన్స్ కొనుక్కోవడానికి చాలనంత సంపాదన. గ్యాస్ స్టేషన్లు, మోటళ్ళు, రెస్టారెంట్లలో పనిచేసేవాళ్ళూ, టాక్సీ నడిపేవాళ్ళూ, బెంచి మీద కూర్చున్న నాలాంటివాళ్ళూ అందరూ ఆ ఖాళీలోనే ఉంటారు. 1997 నాటికి దేశంలో సుమారు కోటిమంది పిల్లలకి, అంటే నూటికి దాదాపు 14 మందికి, ఏ ఇన్స్యూరెన్సూ లేదు.

1994లో క్లింటన్ దంపతుల హెల్త్ కేర్ బిల్లు కుప్పకూలాక వాషింగ్టన్‌లో ఆ మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అలాంటి సమయంలో ఇద్దరు సెనేటర్లు చేతులు కలిపారు. ఒకరు మసాచుసెట్స్ ఉదారవాది, డెమొక్రాట్ టెడ్ కెనడీ. ఇంకొకరు యూటా రాష్ట్రపు సంప్రదాయవాది, రిపబ్లికన్ ఓరిన్ హ్యాచ్. ఉప్పూ నిప్పూ లాంటి ఆ ఇద్దరూ కలిసి, సిగరెట్ పెట్టె మీద 43 సెంట్ల పన్ను పెంచి ఆ డబ్బుతో పిల్లలకి ఇన్స్యూరెన్స్ ఇద్దామన్నారు. బేరసారాలు అయ్యేసరికి అది రెండు విడతల్లో 15 సెంట్లయింది. 1997 ఆగస్టు 5న క్లింటన్ సంతకంతో పదేళ్ళకి సుమారు 40 బిలియన్ డాలర్ల పథకం పుట్టింది.

ఆ రాజీలోనే తర్వాతి గొడవలన్నింటికీ విత్తనాలున్నాయి. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెబుతాను. మెడికెయిడ్ అనేది ఎంతమంది యూజర్లు వస్తే అంత పెరిగే సర్వర్ లాంటిది. అర్హత ఉన్న ప్రతివాడికీ ఇచ్చితీరాలి. చిప్ అలా కాదు. దానికి కెపాసిటీ ముందే నిర్ణయిస్తారు, కాంట్రాక్టుకి గడువు తేదీ ఉంటుంది. గడువు వచ్చినప్పుడల్లా కాంగ్రెస్ మళ్ళీ సంతకం పెట్టాలి. ఖర్చులో పెద్ద వాటా ఫెడరల్ ప్రభుత్వానిది, కొంత రాష్ట్రానిది. ఆదాయ పరిమితి ఎంత, ప్రీమియం ఎంత, పేరేమిటి అన్నవి చాలావరకు రాష్ట్రాల ఇష్టం. అందుకే జార్జియాలో పీచ్‌కేర్, న్యూయార్క్‌లో చైల్డ్ హెల్త్ ప్లస్, కనెక్టికట్‌లో హస్కీ, అలబామాలో ఆల్ కిడ్స్ అని తలో పేరు. అన్నీ ఒకటేనని మనలో చాలామందికి తెలియకపోవడానికి ఇదొక కారణం.

2007: రెండు వీటోలు

పదేళ్ళ గడువు 2007లో ముగిసింది. కాంగ్రెస్ అయిదేళ్ళకి మరో 35 బిలియన్లు కలుపుతూ, సిగరెట్ పెట్టె మీద పన్ను డాలరుకి పెంచుతూ బిల్లు పాస్ చేసింది. బుష్ 5 బిలియన్లు చాలన్నాడు. అక్టోబరు 3న వీటో చేశాడు.

ఇక్కడ మా అమ్మాయి, నేను కాసేపు వాదించుకున్నాం. బుష్‌కి పిల్లలంటే ఇష్టం లేదని తేల్చేయడం తేలిక. కానీ అవతలివాళ్ళ వాదన కూడా వినాలి కదా. ఆ ఏడాది నలుగురున్న కుటుంబానికి ఫెడరల్ పేదరికపు గీత 20,650 డాలర్లు. చిప్ మొదట దానికి రెట్టింపు దాకా, అంటే 41,300 దాకా సంపాదించేవాళ్ళ కోసమని అనుకున్నది. న్యూయార్క్ దాన్ని నాలుగు రెట్లు, 82,600 చేస్తామంది. పేద పిల్లలే ఇంకా లక్షల్లో మిగిలి ఉండగా మధ్యతరగతిని ఎందుకు చేర్చాలి? గవర్నమెంటు చవగ్గా ఇస్తుంటే జనం ప్రైవేటు ఇన్స్యూరెన్స్ మానేయరా? ఈ రెండో ప్రశ్న ఉత్త అనుమానం కాదు. చిప్‌లో చేరే ప్రతి నూరుమందికీ పాతిక నుంచి యాభైమంది దాకా ప్రైవేటు ఇన్స్యూరెన్స్ తగ్గుతుందని కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసే ఆ ఏడాది లెక్క వేసింది. నేను అప్లికేషనులో జవాబు చెప్పిన ఆ ప్రశ్న, ఆ వెయిటింగ్ పీరియడ్ ఈ అనుమానంలోంచి పుట్టినవే.

రెండో వైపు లెక్క ఇదీ. 2007లో ఉద్యోగాల ద్వారా వచ్చే ఫ్యామిలీ ఇన్స్యూరెన్స్ సగటు ఖరీదు ఏడాదికి 12,106 డాలర్లు. కంపెనీ ఏమీ ఇవ్వకపోతే, 41,300 సంపాదించే కుటుంబం తన ఆదాయంలో నూటికి 29 వంతులు దానికే పోయాలి. అద్దె, కారు, తిండి మిగిలినదాంట్లోంచి. "తేలిగ్గా దొరికితే జనం మానేస్తారు" అన్నప్పుడు వాళ్ళు మానేసేది ఎంత బరువో కూడా చూడాలి.

ఆ గొడవలో నాకు గుర్తుండిపోయింది బాల్టిమోరుకి చెందిన 12 ఏళ్ళ అబ్బాయి. కారు యాక్సిడెంటులో అతనూ అతని చెల్లెలూ తీవ్రంగా గాయపడితే చిప్ ఆదుకుంది. డెమొక్రాట్ల తరఫున రేడియోలో ఆ సంగతి చెప్పాడు. మర్నాటి నుంచీ ఆ కుటుంబం ఇల్లెంత, వంటింట్లో గట్టు ఏ రాయితో చేసింది, పిల్లలు ఏ స్కూలుకి వెళుతున్నారు అని ఆరా తీయడం మొదలయింది. సాయం తీసుకున్నవాడు తన బీదతనాన్ని నలుగురిలో నిరూపించుకోవాలన్నమాట. ఆ వార్తలు చదువుతూ "మనకెందుకొచ్చిన గొడవ" అనుకున్నాను. రెండేళ్ళు తిరక్కుండానే కార్డు ఫైల్లో దాచుకునే వంతు నాదయింది.

వీటోని దాటాలంటే మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. అక్టోబరు 18న ప్రతినిధుల సభలో 273 అనుకూలం, 156 వ్యతిరేకం. పదమూడు ఓట్లు తక్కువయ్యాయి. కొద్ది మార్పులతో బిల్లు మళ్ళీ వెళితే డిసెంబరు 12న బుష్ మళ్ళీ వీటో చేశాడు. 2008 జనవరి 23న రెండో ప్రయత్నం కూడా ఓడిపోయింది. మా అమ్మాయి అప్పటికి రెండు వారాల పిల్ల.

చిత్రమేమంటే, అదే 2007లో, ఏప్రిల్ 1న, మన ఆంధ్రప్రదేశ్‌లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టింది. అక్కడ అర్హతకి అప్పట్లో తెల్ల రేషన్ కార్డు ఉంటే సరిపోయేది. పెద్ద ఆపరేషన్లకి ప్రభుత్వమే ప్రైవేటు ఆస్పత్రులకి డబ్బు కడుతుంది. జ్వరానికీ, టీకాలకీ మాత్రం అది కాదు. చిప్ ఇందుకు పూర్తిగా ఎదురు. దాని బలమంతా జ్వరాలు, చెకప్‌లు, పళ్ళు, కళ్ళజోళ్ళలోనే ఉంది. ఊళ్ళో మా బంధువులు ఆరోగ్యశ్రీ కార్డు చూపించి ఆపరేషను చేయించుకున్నామని గర్వంగానే చెప్పుకుంటారు. ఇక్కడ నేనే దాచుకున్నాను.

ఒకే అపార్ట్‌మెంటు, ఇద్దరు పిల్లలు

2009 ఫిబ్రవరి 4న ఒబామా కొత్త బిల్లు మీద సంతకం పెట్టాడు. సిగరెట్ పన్ను దాదాపు 62 సెంట్లు పెరిగి డాలరు దాటింది. ఆ బిల్లులో మన కుటుంబాలకి సంబంధించిన ఒక చిన్న సెక్షను ఉంది. దాని విలువ నాకు తెలిసింది మా పక్కింటివాళ్ళ వల్ల.

మా అపార్ట్‌మెంట్లలోనే రాజమండ్రి నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. అతనూ నాలాగే హెచ్-1, నాలాగే బెంచి. వాళ్ళ బాబుకి నాలుగేళ్ళు, కొంచెం ఆయాసం. మాకు కార్డు వచ్చిందని మా ఆవిడ చెబితే ఆ అమ్మాయి కూడా సంతోషంగా ఫారం నింపింది. తిరిగి వచ్చేసింది. బాబు పుట్టింది రాజమండ్రిలో, ఉన్నది హెచ్-4 మీద. 1996 చట్టం ప్రకారం గ్రీన్‌కార్డు ఉన్న పిల్లలే అయిదేళ్ళు ఆగాలి, వీసా మీద ఉన్నవాళ్ళకి అసలు దారే లేదు. ఇద్దరు తండ్రులదీ ఒకటే ఉద్యోగం, ఒకటే సగం జీతం, ఇద్దరూ కట్టేవి అవే పన్నులు. తేడా పుట్టిన ఊరు.

ఒబామా సంతకం చేసిన చట్టం, చట్టబద్ధంగా ఉంటున్న పిల్లలకీ గర్భిణులకీ ఆ అయిదేళ్ళ నిరీక్షణ లేకుండా ఇచ్చే అవకాశం రాష్ట్రాలకి కల్పించింది. ఇవ్వాలనలేదు, ఇవ్వవచ్చంది. చెల్లుబాటయ్యే వీసా మీద ఉన్నవాళ్ళూ ఆ లెక్కలోకి వస్తారని ఫెడరల్ ప్రభుత్వం 2010 జూలైలో స్పష్టం చేసింది. తర్వాతి ఏళ్ళలో ముప్పైకి పైగా రాష్ట్రాలు పిల్లల విషయంలో ఆ దారి పట్టాయి. రాజమండ్రి కుటుంబం అప్పటిదాకా ఆగలేదు. 2009 మే నెలలో ఆ అమ్మాయి ఇన్‌హేలర్లు బ్యాగులో సర్దుకుని బాబుతో ఇండియా వెళ్ళిపోయింది. వాళ్ళని ఎయిర్‌పోర్టులో దింపి వచ్చింది నేనే. దారిలో పాపకి ఎలా ఉందని ఆవిడ అడిగితే, బాగానే ఉందని చెప్పడానికి కూడా సిగ్గేసింది.

114 రోజులు

గడువు తేదీ ఉన్న పథకం ఎలా ఉంటుందో 2017లో మళ్ళీ చూశాం. సెప్టెంబరు 30న చిప్ నిధుల గడువు ముగిసింది. కాంగ్రెస్ పట్టించుకోలేదు. అప్పటికి ఆ పథకంలో సుమారు 90 లక్షలమంది పిల్లలున్నారు. మిగులు డబ్బుతో రాష్ట్రాలు నెట్టుకొచ్చాయి. కొలరాడో, వర్జీనియా లాంటి చోట్ల ఇన్స్యూరెన్స్ ఆగిపోవచ్చని తల్లిదండ్రులకి ఉత్తరాలు వెళ్ళాయి. అలబామా కొత్త పిల్లల్ని చేర్చుకోవడం ఆపుతామని ప్రకటించింది. 2018 జనవరి 22న, 114 రోజుల తర్వాత, ప్రభుత్వం మూతపడి మళ్ళీ తెరుచుకున్న బిల్లులో భాగంగా ఆరేళ్ళు పొడిగించారు. ఫిబ్రవరిలో ఇంకో నాలుగేళ్ళు కలిపారు. పదేళ్ళు పొడిగిస్తే ఖర్చు పెరగదు సరికదా, దాదాపు 6 బిలియన్లు మిగులుతాయని బడ్జెట్ ఆఫీసు చెప్పింది. చిప్ లేకపోతే ఆ పిల్లలు వెళ్ళే ఇతర మార్గాలు ప్రభుత్వానికి ఇంకా ఖరీదు మరి! అయినా 114 రోజులు పట్టింది. పిల్లలకి ఓటు లేదు. హెచ్-1 మీద ఉన్న మనకీ లేదు.

కోడ్‌లో ఉన్న తప్పు

ఇక నా వృత్తికి సంబంధించిన సంగతి. 2012 తర్వాత రాష్ట్రాలు మెడికెయిడ్, చిప్ అర్హత తేల్చే పాత కంప్యూటర్ సిస్టమ్‌లని మార్చడం మొదలుపెట్టాయి. ఖర్చులో 90 శాతం ఫెడరల్ ప్రభుత్వం ఇస్తుండటంతో పెద్దపెద్ద ప్రాజెక్టులొచ్చాయి. మన తెలుగువాళ్ళు చాలామంది వాటిలో పనిచేశారు. నేనూ చేశాను. కాంగ్రెస్‌లో నెలల తరబడి కొట్టుకున్న శాతాలు నా స్క్రీన్ మీద ఒక్కొక్క లైను కోడ్‌గా కనిపించేవి. ఆదాయం గీతకి ఒక డాలరు ఇటుంటే అవును, అటుంటే కాదు.

కోవిడ్ సమయంలో, 2020 మార్చి నుంచి 2023 మార్చి దాకా, మెడికెయిడ్‌లో ఉన్న ఎవరినీ తీసేయకూడదన్నారు. ఆ నియమం ముగియగానే అందరి అర్హతా తిరిగి చూడటం మొదలయింది. తీసేసినవాళ్ళలో దాదాపు మూడింట రెండొంతులమంది అర్హత లేదని తేలి కాదు, కాగితాలు అందకో తిరిగి పంపకో పోయినవాళ్ళు. అడ్రసు మారినవాళ్ళు, ఉత్తరం అర్థం కానివాళ్ళు.

ఆ ఏడాది ఆగస్టులో ఫెడరల్ అధికారులు ఒక తప్పు బయటపెట్టారు. రాష్ట్రం దగ్గర ఉన్న వివరాలతోనే అర్హత తేలిపోతే, ఫారం అడక్కుండా దానంతటదే రెన్యూ చేయాలి. ఇది మనిషి మనిషికీ విడిగా చూడాల్సిన పని. పిల్లల ఆదాయ పరిమితి పెద్దలకంటే ఎక్కువ కదా, తండ్రికి అర్హత లేకపోయినా కొడుక్కి ఉండవచ్చు. కానీ చాలా సిస్టమ్‌లు ఇంటినంతా ఒకే మూటగా చూశాయి. తండ్రి వివరాలు తేలకపోతే ఇంటికంతటికీ ఫారం వెళ్ళేది. అది తిరిగి రాకపోతే పిల్లలు కూడా పోయేవారు. సుమారు 30 రాష్ట్రాల్లో ఈ తప్పు ఉందని సెప్టెంబరులో తేలింది. దాదాపు అయిదు లక్షలమందికి ఇన్స్యూరెన్స్ తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. వాళ్ళలో చాలామంది పిల్లలు.

నేను పనిచేసిన రాష్ట్రం కూడా ఆ జాబితాలో ఉంది. ఆ మాడ్యూల్ నేను రాయలేదు. కానీ దాని టెస్ట్ కేసులు చూసి సరేనన్నవాళ్ళలో నేనొకణ్ణి. తండ్రికి లేదు, పాపకి ఉంది అన్న కేసు ఆ లిస్టులో లేదు. సరిగ్గా అదే మా ఇంటి కేసు. 2009లో నేను బతికిన కేసే నాకు తట్టలేదంటే, ఆ కార్డుని ఎంత లోపలికి తోసేశానో ఆలోచించండి. దాచుకున్న అనుభవం ఎవరికీ పనికిరాదు, నాకు కూడా.

మనం చేయగలిగింది

కొన్ని సంగతులు మెరుగయ్యాయి. 2024 జనవరి 1 నుంచి 19 ఏళ్ళలోపు పిల్లలకి ఒకసారి అర్హత వస్తే, మధ్యలో ఆదాయం పెరిగినా పన్నెండు నెలల పాటు తీసేయకూడదని దేశమంతటా నియమం వచ్చింది. కొన్ని సంగతులు బరువెక్కాయి. 2025 జూలై 4న సంతకమైన చట్టం పదేళ్ళలో మెడికెయిడ్ మీద ఫెడరల్ ఖర్చుని 900 బిలియన్లకు పైగా తగ్గిస్తుందని అంచనా. మెడికెయిడ్, చిప్ కలిపి మూడున్నర కోట్లకు పైగా పిల్లలు వాటి మీద ఆధారపడి ఉన్నారు. చిప్ నిధులు 2029 సెప్టెంబరు దాకానే. ఆ గడువు దగ్గరపడేకొద్దీ 2007 వాదనలే మళ్ళీ వింటాం. అప్పుడు మన కాంగ్రెస్‌మన్ ఆఫీసుకి ఒక ఫోన్ చేయడానికి పౌరసత్వం అక్కర్లేదు.

ఇది చదువుతున్నవాళ్ళలో ఈ నెలే ఉద్యోగం పోయినవారు ఉండవచ్చు. వారికి నాలుగు మాటలు. మీ పిల్లలు ఇక్కడ పుట్టినవాళ్ళయితే మీ వీసా ఏదైనా వాళ్ళకి అప్లై చేయవచ్చు. హెచ్-4 మీద ఉన్న పిల్లలైతే మీ రాష్ట్రం 2009 చట్టం ఇచ్చిన దారిని ఎంచుకుందో లేదో అడగండి. 1-877-543-7669కి ఫోన్ చేస్తే మీ రాష్ట్రంలో ఎవరిని కలవాలో చెబుతారు. గ్రీన్‌కార్డు భయం ఉంటే పార్టీలో విన్న మాట మీద ఆధారపడకండి, లాయరుని అడగండి. 2020 ఫిబ్రవరి నుంచి 2021 మార్చి దాకా అమల్లో ఉన్న కఠినమైన పబ్లిక్ చార్జ్ నియమంలో కూడా చిప్ లేదు. అయినా భయపడి ఎన్నో కుటుంబాలు పిల్లల ఇన్స్యూరెన్స్ మానుకున్నాయి. నియమం చేయని పని పుకారు చేసింది.

ఇక మా అమ్మాయి సంగతి. ఇదంతా విన్నాక "ఇందులో దాచడానికేముంది నాన్నా?" అంది. ఉందని నేను పదహారేళ్ళు అనుకున్నాను. మాస్టర్స్ చదివి, సొంత కాళ్ళ మీద నిలబడ్డానని చెప్పుకునేవాడికి ఆ ఏడు నెలలు ఒక మరకలా కనిపించాయి. ఆ మరక చూసుకోకపోవడం వల్లే పార్టీల్లో ఎవరైనా "గవర్నమెంటు ఇన్స్యూరెన్స్ సోమరిపోతులకండీ" అన్నప్పుడల్లా ప్లేటులో పులిహోర కలుపుకుంటూ ఊరుకున్నాను.

ప్రెజెంటేషనుకి ఆ కార్డు తీసుకెళ్ళి క్లాసులో చూపించనా అని అడిగింది. మా ఆవిడ నా జవాబు కోసం ఆగలేదు. "తీసుకెళ్ళు, మళ్ళీ తెచ్చి ఇదే ఫైల్లో పెట్టు" అంది. క్లాసులో పిల్లలకంటే ముందు మన వాళ్ళకి నేనే చెప్పడం మర్యాద అనిపించి ఇది రాశాను.